లారావెల్‌లో ప్లగిన్ రూట్లు: ఆరు దారులు, వాటిలో మీకు పనికొచ్చేది

లారావెల్ (పీహెచ్‌పీలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్ పెరిగి పెద్దదయ్యాక దాన్ని ముక్కలు చేయాలనిపిస్తుంది. బిల్లింగ్ ఒక ప్లగిన్, బ్లాగ్ ఇంకో ప్లగిన్, రిపోర్టులు మరోటి. కంట్రోలర్లు, వ్యూలు, మైగ్రేషన్లు పెద్దగా పేచీ పెట్టకుండానే బయటికి వెళ్లిపోతాయి. చిక్కంతా రూట్ల దగ్గరే, అంటే ఏ యూఆర్‌ఎల్‌కు ఏ కోడ్ నడవాలో చెప్పే నియమాల దగ్గర. ప్లగిన్ తన రూట్లను ప్రధాన యాప్‌కు ఎలా చెప్పుకోవాలి అన్నదానికి నాకు తెలిసి ఆరు పద్ధతులున్నాయి. ఆరూ మన లాప్‌టాప్ మీద చక్కగా నడుస్తాయి. ఏది నిలుస్తుందో, ఏది పడుతుందో సర్వర్ ఎక్కాకే తెలుస్తుంది.

పద్ధతుల్లోకి వెళ్లే ముందు ఒక్క సంగతి మాట్లాడుకుందాం. అది పట్టుబడితే మిగతా పోలిక అంతా తేలికే.

రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ జరిగేది

మామూలు ఎఫ్‌పీఎం (సర్వర్‌లో పీహెచ్‌పీని నడిపే ప్రోగ్రామ్) సెటప్‌లో ప్రతి రిక్వెస్ట్‌కూ యాప్ మొదటి నుంచి లేస్తుంది. సర్వీస్ ప్రొవైడర్లు (యాప్‌లో ఒక్కో భాగాన్ని సిద్ధం చేసే క్లాసులు) రిజిస్టర్ అవుతాయి, తర్వాత బూట్ అవుతాయి, రూట్ ఫైళ్లు చదవబడతాయి, ఒక్కో రూట్‌కు ఒక ఆబ్జెక్ట్ పుడుతుంది. 20 ప్లగిన్లు, ఒక్కోదానికి 30 రూట్లు ఉన్నాయనుకోండి. 600 ఆబ్జెక్టులు తయారవుతాయి, ఆ రిక్వెస్ట్‌కు కావలసింది వాటిలో ఒక్కటే. మిగతా 599 పుట్టీ పుట్టగానే పోతాయి.

ఈ వృథాను ఆపడానికే లారావెల్ కమాండ్‌లైన్ టూల్ ఆర్టిజన్‌లో రూట్ క్యాష్ కమాండ్ ఉంది. డిప్లాయ్ సమయంలో ఒక్కసారి నడిపితే రూట్లన్నీ బూట్‌స్ట్రాప్ ఫోల్డర్ కింది క్యాష్‌లో ఒకే పీహెచ్‌పీ ఫైలుగా చేరతాయి. అది ఒక పెద్ద ఎరే మాత్రమే కాబట్టి ఓపీక్యాష్ (కంపైల్ అయిన కోడ్‌ను దాచుకునే పీహెచ్‌పీ భాగం) దాన్ని మెమరీలో పెట్టుకుంటుంది. 2020 మార్చిలో వచ్చిన లారావెల్ 7 నుంచి ఈ క్యాష్‌లో వెతికే పని సింఫనీ (ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) కంపైల్డ్ మ్యాచర్ చేస్తోంది. 800 లేదా అంతకు మించి రూట్లున్న యాప్‌లో, హలో వరల్డ్ స్థాయి పరీక్షలో, సెకనుకు తట్టుకునే రిక్వెస్టులు రెట్టింపు కావచ్చని అప్పటి విడుదల నోట్స్‌లో రాశారు. హలో వరల్డ్ అన్న మాట మర్చిపోకండి. మీ పేజీ పది డేటాబేస్ క్వెరీలు చేస్తుంటే అంత తేడా కనబడదు. ముందు క్వెరీల సంగతి చూసుకోండి.

అంటే అసలు ప్రశ్న రూట్‌ను ఎంత తక్కువ లైన్లలో రాయగలం అన్నది కాదు. ఈ రూట్ ఉండాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పుడు జరుగుతోంది? డిప్లాయ్‌లోనా, రిక్వెస్ట్‌లోనా? పద్ధతులన్నీ విడిపోయేది ఇక్కడే.

దేన్ని బట్టి తూచాలి

నేను చూసే విషయాలు నాలుగు.

మొదటిది, రూట్ క్యాష్‌తో కలిసి నడుస్తుందా? క్యాష్ పెట్టగానే విరిగిపోయే పద్ధతిని ఎంత అందంగా రాసినా పక్కన పెట్టాల్సిందే.

రెండోది, ప్లగిన్‌ను ఆన్, ఆఫ్ చేసేది ఎవరు? డెవలపర్ కంపోజర్‌తో (పీహెచ్‌పీ ప్యాకేజీ మేనేజర్) వేసి తీసేస్తాడా, లేక అడ్మిన్ ప్యానెల్‌లో ఒకరు బటన్ నొక్కుతారా? చాలామంది ఈ ప్రశ్నను చివర్లో అడుగుతారు. మొదట్లోనే అడగాలి.

మూడోది, రెండు ప్లగిన్లు ఢీకొంటే ఏమవుతుంది? యూఆర్‌ఎల్ దగ్గర ఢీ ఒకటి, రూట్ పేరు దగ్గర ఢీ ఇంకొకటి.

నాలుగోది, రాత్రి రెండింటికి ఫోన్ వస్తే ఈ యూఆర్‌ఎల్ ఎక్కడి నుంచి వచ్చిందో రూట్ లిస్ట్ కమాండ్ కొట్టి కనుక్కోగలనా?

ఒకటి: బూట్‌లో రూట్ ఫైలును నేరుగా రిక్వైర్ చేయడం

మొదటి ప్లగిన్ రాసేటప్పుడు అందరి చేయీ దీని మీదకే పోతుంది. సర్వీస్ ప్రొవైడర్ బూట్ మెథడ్‌లో ఒక్క రిక్వైర్ లైను. పనిచేస్తుంది కూడా. క్యాష్ పెట్టాక కూడా పనిచేస్తున్నట్టే కనబడుతుంది. మోసం అక్కడే ఉంది. క్యాష్ ఉన్నా ప్రతి రిక్వెస్ట్‌లో ఈ లైను నడుస్తుంది, రూట్ ఆబ్జెక్టులు పుడతాయి, ఆ తర్వాత యాప్ బూట్ పూర్తవగానే క్యాష్ ఫైలు వచ్చి మొత్తం కలెక్షన్‌ను మార్చేస్తుంది. వండిన అన్నమంతా పారబోసి హోటల్ నుంచి తెప్పించుకున్నట్టు. తప్పు ఎక్కడా కనబడదు, ఖర్చు మాత్రం పోతూనే ఉంటుంది.

దీన్ని ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.

రెండు: లోడ్‌రూట్స్‌ఫ్రమ్

సర్వీస్ ప్రొవైడర్‌లో ముందే ఉన్న మెథడ్ ఇది. లోపల చేసేది చాలా చిన్న పని: రూట్లు క్యాష్ అయి ఉన్నాయా అని చూస్తుంది, అయి ఉంటే ఫైలు జోలికి పోదు, లేకుంటే రిక్వైర్ చేస్తుంది. పై పద్ధతికీ దీనికీ తేడా ఆ ఒక్క షరతే.

లారావెల్ 5.5లో వచ్చిన ప్యాకేజ్ డిస్కవరీతో జోడిస్తే ప్లగిన్ వాడేవాళ్లు కంపోజర్ రిక్వైర్ కొట్టడం తప్ప ఇంకేమీ చేయక్కర్లేదు. అయితే రెండు చోట్ల కాలు జారుతుంది.

ఈ మెథడ్ మీ రూట్లకు వెబ్ మిడిల్‌వేర్ గ్రూప్‌ను (రిక్వెస్ట్ కంట్రోలర్‌ను చేరేముందు నడిచే సెషన్, భద్రతా తనిఖీల్లాంటివి) తగిలించదు. ప్రధాన యాప్ రూట్ ఫైలుకు ఆ గ్రూప్ తనంతట తాను వస్తుంది కాబట్టి ప్లగిన్‌కూ వస్తుందనుకుంటాం. రాదు. ముందు బ్లేడ్ టెంప్లేట్‌లో ఎర్రర్స్ వేరియబుల్ లేదని పేజీ పడిపోతుంది. లేదా రిక్వెస్ట్ మీద సెషన్ స్టోర్ లేదని ఎక్సెప్షన్ వస్తుంది. ఇవి కనబడే తప్పులు కాబట్టి నయం. కనబడనిది, ఫారం పోస్ట్ చేస్తే సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ (వేరే సైట్ల దొంగ ఫారాలను ఆపేది) లేకుండానే లోపలికి వెళ్లిపోవడం. టోకెన్ లేకపోయినా ఫారం హాయిగా సేవ్ అవుతుంటే సంతోషించకండి, మిడిల్‌వేర్ చూసుకోండి.

రెండోది పేర్లు. బిల్లింగ్ ప్లగిన్‌లో సెట్టింగ్స్ ఇండెక్స్ అని ఒక రూట్ పేరు, బ్లాగ్‌లోనూ అదే పేరు. లోకల్‌లో రెండిట్లో ఒకటి చప్పుడు చేయకుండా గెలుస్తుంది, రెండోదాని లింకు తప్పు పేజీకి పోతుంది. డిప్లాయ్‌లో రూట్ క్యాష్ నడపగానే మాత్రం, ఈ పేరు ఇంకో రూట్‌కు ఇచ్చేశారంటూ కమాండ్ ఆగిపోతుంది. అందుకే ప్రతి ప్లగిన్‌కూ యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ఎంత ముఖ్యమో పేరుకు ప్రిఫిక్స్ కూడా అంతే ముఖ్యం.

మిడిల్‌వేర్‌కూ యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్‌కూ మందు టెలిస్కోప్ (లారావెల్ వాళ్ల డీబగ్గింగ్ ప్యాకేజీ) సోర్స్ తెరిస్తే దొరుకుతుంది. ముందు రూట్ గ్రూప్ తెరుస్తారు. ప్రిఫిక్స్, డొమైన్, మిడిల్‌వేర్ మూడూ కాన్ఫిగ్ నుంచి తీసుకుంటారు. ఆ గ్రూప్ లోపల లోడ్‌రూట్స్‌ఫ్రమ్ పిలుస్తారు. వాడేవాళ్లకు టెలిస్కోప్ అన్న పాత్ నచ్చకపోతే కాన్ఫిగ్‌లో మార్చుకుంటారు, ప్లగిన్ కోడ్ ముట్టుకోరు. కాన్ఫిగ్‌లో టెలిస్కోప్‌ను ఆపేసి ఉంటే రూట్ల దాకా రాకుండానే ప్రొవైడర్ వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ ఒక మాట: ప్లగిన్ రూట్ ఫైలులో ఎన్వ్ ఫంక్షన్‌ను నేరుగా పిలవకండి. కాన్ఫిగ్ క్యాష్ అయ్యాక డాట్ ఎన్వ్ ఫైలు లోడ్ కాదు, మీ చేతికి నల్ వస్తుంది.

ప్రొవైడర్‌ను డెఫర్డ్‌గా పెట్టి వేగం పెంచుదామని కొందరికి ఆలోచన వస్తుంది. రూట్లున్న ప్రొవైడర్‌కు అది కుదరదు. దాని సర్వీసును ఎవరైనా అడిగేదాకా బూట్ నడవదు. బూట్ నడవకపోతే రూట్లూ ఉండవు.

మూడు: ప్రధాన యాప్‌నే పిలవమనడం

ప్లగిన్ ఒక స్టాటిక్ మెథడ్ ఇస్తుంది. దాన్ని ఎక్కడ, ఏ గ్రూప్‌లో పిలవాలో యాప్ రాసేవాళ్ల ఇష్టం. పాస్‌పోర్ట్ (ఏపీఐ లాగిన్‌కు వాడే లారావెల్ ప్యాకేజీ) చాలాకాలం ఇలాగే నడిచింది, ప్రొవైడర్ బూట్‌లో దాని రూట్స్ మెథడ్‌ను మనమే పిలిచేవాళ్లం. వెర్షన్ 11లో వాళ్లు దాన్ని తీసేసి ఆటోమేటిక్ నమోదుకు మారారు, వద్దనుకునేవాళ్లకు ఇగ్నోర్‌రూట్స్ ఉంచారు. ఆ మార్పులోనే సమాధానం ఉందని నా అభిప్రాయం. కొత్తవాళ్లకు ఒక మెట్టు తగ్గింది, పట్టు కావలసినవాళ్లకు పట్టు మిగిలింది. అయితే ఒకే ప్లగిన్‌ను రెండు చోట్ల, రెండు ప్రిఫిక్సులతో తగిలించాల్సి వస్తే మాత్రం ఈ పాత పద్ధతే హాయి.

నాలుగు: ఆట్రిబ్యూట్లు

పీహెచ్‌పీ 8లో ఆట్రిబ్యూట్లు (కోడ్ పైన రాసే గుర్తులు) వచ్చాక కంట్రోలర్ మెథడ్ నెత్తిమీదే రూట్ రాసే అలవాటు పెరిగింది. లారావెల్‌లో ఇందుకు స్పాటీ వాళ్ల ప్యాకేజీ ఉంది. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ క్యాష్ లేనప్పుడు ప్రతి రిక్వెస్ట్‌కూ ఫోల్డర్లు గాలించి, రిఫ్లెక్షన్‌తో క్లాసులు విప్పి చూడాలి. క్యాష్ ఉంటే ఆ ఖర్చు సున్నా. మీ టీమ్ ముందే అలవాటు పడి ఉంటే వాడుకోండి. ప్లగిన్ల కోసం కొత్తగా తెచ్చుకోవాల్సినంత లాభం నాకు కనబడలేదు. పైగా ప్లగిన్ రూట్లన్నీ ఒకే ఫైలులో ఒక్క చూపులో కనబడే సౌకర్యం పోతుంది.

ఐదు: డేటాబేస్ చూసి నమోదు చేయడం

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. ఒక కంపెనీ ప్రాజెక్టులో అడ్మిన్ ప్యానెల్‌లో ప్లగిన్ల పేజీ ఉండేది. ఆన్, ఆఫ్ స్విచ్‌లు, డేటాబేస్‌లో ఒక టేబుల్. ప్రొవైడర్ బూట్‌లో ఆ టేబుల్ చదివి, ఆన్‌లో ఉన్నవాటి రూట్లే నమోదు చేసేవాళ్లం. రాసింది నేనే.

మొదటి దెబ్బ బిల్డ్ మెషీన్ మీద పడింది. కంపోజర్ ఇన్‌స్టాల్ చివర్లో ప్యాకేజ్ డిస్కవర్ కమాండ్ దానంతట అదే నడుస్తుంది, దానికి యాప్ బూట్ కావాలి, బూట్‌కు డేటాబేస్ కావాలి. బిల్డ్ మెషీన్‌లో డేటాబేస్ లేదు. బిల్డ్ ఫెయిల్. కొత్తగా చేరిన అబ్బాయి మెషీన్‌లోనూ ఇదే తంతు: టేబుల్ లేదని మైగ్రేట్ నడవదు, మైగ్రేట్ నడవనిదే టేబుల్ రాదు.

సరేనని ఆ క్వెరీ చుట్టూ ట్రై, క్యాచ్ పెట్టాను. డేటాబేస్ దొరక్కపోతే ఖాళీ జాబితా. బిల్డ్ పచ్చగా పాసైంది. అదే బిల్డ్‌లో రూట్ క్యాష్ కమాండ్ కూడా ఉందన్నది నా బుర్రకు తట్టలేదు. ఖాళీ జాబితాతో క్యాష్ తయారైంది. అందులో ఒక్క ప్లగిన్ రూటూ లేదు. అది ప్రొడక్షన్‌కు వెళ్లింది. అక్కడ డేటాబేస్ ఉంది, స్విచ్‌లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, కానీ క్యాష్ ఉంది కాబట్టి లోడ్‌రూట్స్‌ఫ్రమ్ ఏ ఫైలునూ తెరవలేదు. ప్లగిన్ పేజీలన్నీ 404. లోకల్‌లో చూస్తే అంతా బాగుంది. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ చెప్పనలవి కాదు.

ఆ సంఘటనను పక్కన పెట్టినా ఈ పద్ధతికి మూలంలోనే ఒక లోపం ఉంది. క్యాష్ వాడితే స్విచ్ పనిచేయదు, ఎందుకంటే జాబితా క్యాష్ చేసిన క్షణంలోనే గడ్డకట్టింది. స్విచ్ పనిచేయాలంటే క్యాష్ వదులుకోవాలి, దాంతోపాటు ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక క్వెరీ అదనం. ఇంకో చిన్న ముల్లు: లేఅవుట్‌లో బ్లాగ్ రూట్ పేరుతో మెనూ లింకు ఉండి, బ్లాగ్‌ను ఆఫ్ చేస్తే, ఆ పేరుతో రూట్ లేదని సైట్‌లోని ప్రతి పేజీ 500 ఇస్తుంది.

ఎన్‌వైడార్ట్ వాళ్ల లారావెల్ మాడ్యూల్స్ ప్యాకేజీ మామూలుగా మాడ్యూల్ స్థితిని డేటాబేస్‌లో పెట్టదు, ప్రాజెక్టులోనే ఒక జేసన్ ఫైలులో పెడుతుంది. ఇంత తిన్నాక అందులోని తెలివి అర్థమైంది. ఆ ఫైలు కోడ్‌తోపాటు గిట్‌లో ప్రయాణిస్తుంది, బిల్డ్ మెషీన్‌కూ దొరుకుతుంది.

ఆరు: అన్నిటికీ ఒకే క్యాచ్-ఆల్ రూట్

ప్లగిన్ పేరు, మిగతా పాత్ అనే రెండు పారామీటర్లతో ఒకే రూట్. లోపల మీ సొంత డిస్పాచర్. క్యాష్‌కు ఇబ్బంది లేదు, ప్లగిన్లు ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు. బదులుగా మీరు వదులుకునేవి: రూట్ పేర్లు, మోడల్ బైండింగ్, రూట్ వారీ మిడిల్‌వేర్, తప్పు మెథడ్‌తో వస్తే ఇచ్చే 405, రూట్ లిస్ట్. అవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ రాసుకుంటారు. ఆరు నెలలకు మీ చేతిలో ఒక చిన్న, సగం వండిన రూటర్ ఉంటుంది.

అడ్మిన్ స్విచ్ కావాలంటే: నమోదు అన్నిటికీ, గేటు విడిగా

ఐదో పద్ధతి నేర్పిన పాఠం తర్వాత మేం మారింది దీనికి. నిజానికిది రెండో పద్ధతికే ఒక తోక. ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్లగిన్ రూట్లనూ షరతు లేకుండా నమోదు చేస్తాం. ప్రతి ప్లగిన్ గ్రూప్‌కూ ఒక మిడిల్‌వేర్, పారామీటర్‌గా ప్లగిన్ పేరు. ఆ ప్లగిన్ ఆఫ్‌లో ఉంటే మిడిల్‌వేర్ 404 ఇచ్చి పంపేస్తుంది. స్థితిని రెడిస్‌లాంటి క్యాష్‌లో ఉంచి, అడ్మిన్ స్విచ్ నొక్కినప్పుడు చెరిపేస్తే చాలు. స్విచ్ వెంటనే పనిచేస్తుంది, రూట్ క్యాష్ చెక్కుచెదరదు, బిల్డ్‌లో డేటాబేస్ అక్కర్లేదు, ఆఫ్‌లో ఉన్నా లేఅవుట్ లింకు పేలదు.

ఆ మిడిల్‌వేర్‌ను ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. వెబ్ గ్రూప్ తర్వాత, ఆథ్‌కు (లాగిన్ తనిఖీ) ముందు పెట్టాం కదా, ముందు గేటే నడుస్తుంది అనుకుంటాం. లారావెల్‌కు మిడిల్‌వేర్ల ప్రాధాన్య క్రమం ఒకటుంది. అందులో ఆథ్ స్థానం, వెబ్ గ్రూప్ చివర్లో ఉండే సబ్‌స్టిట్యూట్ బైండింగ్స్ కన్నా ముందు. దాంతో ఆథ్ పైకి జరిగి మీ గేటును దాటిపోతుంది. ఆఫ్ చేసిన ప్లగిన్ పేజీ 404 ఇవ్వాల్సింది పోయి లాగిన్‌కు పంపిస్తుంది. గేటును వెబ్ కన్నా ముందే, జాబితాలో మొట్టమొదట పెట్టండి. దానికి సెషన్‌తో పనిలేదు కూడా.

దీనికీ ఒక ఖరీదుంది. ఆఫ్‌లో ఉన్న ప్లగిన్ రూట్ కూడా యూఆర్‌ఎల్‌ను పట్టుకుంటుంది. పేజెస్ ప్లగిన్ సైట్ మొదట్లోనే ఏ స్లగ్‌నైనా (యూఆర్‌ఎల్‌లోని పేరు ముక్క) పట్టే రూట్ పెట్టిందనుకోండి. దాన్ని ఆఫ్ చేసినా ఆ యూఆర్‌ఎల్ తర్వాతి రూట్‌కు చేరదు, 404 దగ్గరే ఆగిపోతుంది. ప్రిఫిక్స్ లేని ప్లగిన్‌ను ఒప్పుకోకండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | రూట్ క్యాష్‌తో | ఆన్/ఆఫ్ ఎప్పుడు | రూట్ లిస్ట్‌లో | నా మాట |
|---|---|---|---|---|
| నేరుగా రిక్వైర్ | నడుస్తుంది, పని వృథా | డిప్లాయ్‌లో | కనబడుతుంది | వద్దు |
| లోడ్‌రూట్స్‌ఫ్రమ్, గ్రూప్ లోపల | బాగా నడుస్తుంది | డిప్లాయ్‌లో | కనబడుతుంది | మామూలుగా ఇదే |
| ప్రధాన యాప్ పిలవడం | బాగా నడుస్తుంది | డిప్లాయ్‌లో | కనబడుతుంది | రెండు చోట్ల తగిలించాలంటే |
| ఆట్రిబ్యూట్లు | క్యాష్ తప్పనిసరి | డిప్లాయ్‌లో | కనబడుతుంది | ముందే అలవాటుంటే |
| డేటాబేస్ షరతు | స్విచ్ చచ్చిపోతుంది | క్యాష్ లేకుంటేనే వెంటనే | అప్పటి స్థితి మాత్రమే | వద్దు |
| క్యాచ్-ఆల్ | నడుస్తుంది | వెంటనే | ఒక్క లైను | చివరి ప్రయత్నంగా |
| లోడ్‌రూట్స్‌ఫ్రమ్ + గేటు | బాగా నడుస్తుంది | వెంటనే | అన్నీ కనబడతాయి | అడ్మిన్ స్విచ్ ఉంటే |

మీరు ఏ రకం?

ప్యాకేజీ రాసి ప్యాకేజిస్ట్‌లో (కంపోజర్ ప్యాకేజీలు దొరికే చోటు) పెట్టేవాళ్లయితే టెలిస్కోప్ నమూనా దించేయండి: కాన్ఫిగ్ నుంచి ప్రిఫిక్స్, మిడిల్‌వేర్; వాటికి తోడు రూట్ పేరుకు ప్రిఫిక్స్, వద్దనుకునేవాళ్లకు ఇగ్నోర్‌రూట్స్ లాంటి ఒక స్విచ్. ఆ చివరిది మర్చిపోతే, మీ రూట్లు నచ్చనివాళ్లు మీ ప్యాకేజీని ఫోర్క్ చేస్తారు.

ఒకే కంపెనీలో పెద్ద యాప్‌ను మాడ్యూళ్లుగా నడుపుతున్న టీమ్‌కు స్విచ్ అవసరం నిజంగా ఉందా అని ముందు అడగండి. చాలాచోట్ల ఒక్క మేనేజర్ కూడా ఆ బటన్ ముట్టుకోడు. అవసరం లేకపోతే గేటు కూడా అక్కర్లేదు, జేసన్ ఫైలో కాన్ఫిగో చాలు.

ఒకే కోడ్ మీద చాలామంది కస్టమర్లుండి, ఒక్కొక్కరికి ఒక్కో రకం ప్లగిన్లు అమ్మేవాళ్లకు గేటే దారి. ఎవరికి ఏది తెరవాలన్నది రిక్వెస్ట్ వచ్చాకే తెలుస్తుంది కాబట్టి నమోదు దశలో తేల్చడం అసలు సాధ్యం కాదు. స్థితి క్యాష్ కీలో కస్టమర్ ఐడీ కలపడం మరవకండి.

జిప్ ఫైలు అప్‌లోడ్ చేస్తే ప్లగిన్ వచ్చి కూర్చోవాలి అనేవాళ్ల కష్టం వేరు. కొత్త కోడ్ నడుస్తున్న సర్వర్ మీదకే వస్తోంది. ఇన్‌స్టాల్ తర్వాత రూట్ క్యాష్‌ను మళ్లీ కట్టాలి, అదీ వేరే ప్రాసెస్‌గా. క్యూ వర్కర్ లోపలి నుంచే ఆర్టిజన్‌ను పిలిస్తే వర్కర్ మెమరీలో పాత క్లాసులే ఉంటాయి. సర్వర్లు మూడుంటే మూడింటి మీదా కట్టాలి, క్యాష్ ఫైలు ఎవరిది వాళ్లకే. ఓపీక్యాష్‌లో టైమ్‌స్టాంప్ తనిఖీ ఆపేసి ఉంటే ఎఫ్‌పీఎం రీలోడ్ కూడా. షెల్ యాక్సెస్ లేని షేర్డ్ హోస్టింగ్‌లో ఇదంతా కుదరదు. అక్కడ క్యాష్ లేకుండా లోడ్‌రూట్స్‌ఫ్రమ్‌తో సరిపెట్టుకోండి, 100 రూట్లకు కొంపలేమీ మునగవు.

ఆక్టేన్ (యాప్‌ను మెమరీలోనే ఉంచి నడిపే లారావెల్ ప్యాకేజీ) వాడేవాళ్లకు లెక్కే మారిపోతుంది. వర్కర్ లేచినప్పుడు ఒక్కసారే నమోదు, తర్వాత వేల రిక్వెస్టులకు అదే. నమోదు ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. కానీ ఐదో పద్ధతి అక్కడ ఇంకా ఘోరం: వర్కర్లను రీలోడ్ చేసేదాకా పాత స్విచ్‌లే నడుస్తాయి.

ఏది ఎంచుకున్నా ఒక పని ఈరోజే చేయొచ్చు. మీ సీఐలో (బిల్డ్, టెస్టులు వాటంతట అవే నడిచే చోటు) టెస్టుల కన్నా ముందు డేటాబేస్ లేకుండా రూట్ క్యాష్ నడపండి, తర్వాత వెండర్ రూట్లను మాత్రమే చూపే ఆప్షన్‌తో రూట్ లిస్ట్ తీయండి. ప్లగిన్లు వెండర్ ఫోల్డర్‌లో కాక మీ రిపోలోనే ఉంటే పాత్ ఫిల్టర్ వాడండి. ప్రతి ప్లగిన్ నుంచి కనీసం ఒక రూట్ కనబడకపోతే బిల్డ్ ఆపేయండి. మా బిల్డ్‌లో ఆ తనిఖీ ఇప్పుడు ఆరు లైన్ల షెల్ స్క్రిప్ట్. ఆ 404 సాయంత్రం తర్వాతి రోజు పొద్దున రాశాం.